రాని మనిషికి వడ్డన

అన్నం తినే పుల్లలు రెండూ ఆ గిన్నెలో నిలబెట్టింది హత్సుమి. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. రెండు గంటలకు కోర్టు హాల్లో ప్రమాణం చేసి, తను ఆ ఇంట్లోంచి వచ్చేసేటప్పటికి పుల్లలు గిన్నె ముందు అడ్డంగా పడుకునే ఉన్నాయని చెప్పాలి. చెబితే ఆ ఇంటావిడ రిత్సుకో హంతకురాలవుతుంది. చెప్పకపోతే హత్సుమి ఏమవుతుందో ఆలోచించుకోవడానికి ఇంకా యాభై అయిదు నిమిషాలుంది. సాక్షుల గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కిటికీ అవతల సైకిళ్ళ షెడ్డు, బల్ల మీద మూత తియ్యని భోజనం డబ్బా. డబ్బా తెచ్చిపెట్టింది ప్రాసిక్యూటరు గారి గుమాస్తా హొరియె, ముప్పయ్యేళ్ళుంటాయో లేదో. పొద్దున బస్టాండుకి వచ్చి గొడుగు పట్టి తీసుకొచ్చాడు, మూడుసార్లు ప్రశ్నలడిగి మూడుసార్లు జవాబులు చెప్పించాడు, చూసింది చెప్పండి, అనుకున్నది చెప్పకండి అన్నాడు. జడ్జిల పక్కన కూర్చునే ఆరుగురూ మామూలు జనమేనట, చీటీ తీసి పిలిచినవాళ్ళు, వాళ్ళని చూసి భయపడక్కర్లేదట. "మీ ముఖం చాలండీ. మిమ్మల్ని చూడగానే వాళ్ళకి వాళ్ళమ్మ గుర్తొస్తుంది" అన్నాడు. పిల్లలు లేని హత్సుమి ఆ మాటకి తల వంచి దండం పెట్టింది.

ఆకలి లేదు. అయినా చెయ్యి ఊరుకోదు కదా, మూత తీసింది. ముప్పయ్యేళ్ళుగా కూరలు వండి అమ్మే చెయ్యి. గోబో వేరు మరీ లావుగా తరిగారు, అగ్గిపుల్లంత ఉండాలి, ఇది వేలంత ఉంది. గుడ్డట్టులో పంచదార ఎక్కువ. చేపముక్క పొద్దుటిదే, నిన్నటిది కాదు, అది నయం. అన్నం మీద నల్ల నువ్వులు. అన్నం చూడగానే చూపు పక్కకి తిరిగింది. ఏడాదిగా ఇదే వరస, తెల్లగా గోపురంలా ఉన్న అన్నం కనిపిస్తే మధ్యలో రెండు పుల్లలు నిటారుగా లేస్తాయి, ఎవరూ గుచ్చకుండానే. చిన్నప్పుడు ఒకసారి గుచ్చింది, నాలుగేళ్ళప్పుడు, ఆటగా, పడవ తెరచాప కొయ్యలాగా. అమ్మ చెంప మీద కొట్టింది. ఎప్పుడూ చెయ్యెత్తని అమ్మ. పోయినవాళ్ళ తలగడ దగ్గర పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారు, బతికున్నవాళ్ళ ఇంట్లో కాదు, ఎవరిని చంపుతావే అంది. అమ్మ ఆ రోజూ నిలబడే తింది, పొయ్యి పక్కన, అందరూ తిన్నాక గిన్నెల్లో మిగిలింది ఊడ్చుకుని. హత్సుమి కూడా అంతే. కొట్లో నిలబడి, ఇంట్లో నిలబడి, రుచి చూస్తున్నట్టుగా తినేసి కడుపు నింపుకుంది. ఊళ్ళో మంచి ఆడదంటే అదే. వండుతున్నప్పుడు కనిపిస్తుంది, తింటున్నప్పుడు కనిపించదు. చేపల వేలం దగ్గర మగవాళ్ళు, హత్సుమి గారు గాలి తిని బతుకుతుందిరా అనేవాళ్ళు, మెచ్చుకోలుగా. ఆ మెచ్చుకోలు తాగి ఎన్నేళ్ళు గడిపిందో.

మొగుడు ఇవావో ఎక్కిన పడవ తిరిగి రాలేదు. స్క్విడ్ వేటకి వెళ్ళింది, తొమ్మిదిమందితో. పద్నాలుగేళ్ళవుతోంది. పెళ్ళయిన ఆరో ఏడు. మొగుడు సముద్రం మీదుంటే ఇంట్లో అతని చోట పళ్ళెం పెట్టాలి, సాయంకాలం, అతనికి ఇష్టమైనవి, అతని గిన్నె, అతని పుల్లలు, అప్పుడే ఎక్కడున్నా అతనికి ఆకలి తెలియదు. పడవ రాలేదని తెలిసిన తర్వాత కూడా పెట్టింది. అత్తగారు షిగె ప్రతి సాయంత్రం మోకాళ్ళ మీద కూర్చుని పులుసు గిన్నె మూత ఎత్తి చూసేది, లోపలివైపు నీటిబొట్లు పట్టి ఉంటే కొడుకు బతికున్నట్టు. వేడి పులుసు మీద మూత పెడితే బొట్లు పట్టకేం చేస్తాయి, హత్సుమి ఆ మాట ఏనాడూ పైకి అనలేదు, పులుసు మాత్రం పొయ్యి మీంచి దించీ దించకుండానే పోసేది. మూడేళ్ళు. వెయ్యి సాయంత్రాలకి పైన. ఆ తర్వాత ఒకరోజు గుమ్మడికాయ ఉడికించి తెచ్చేసరికి అత్తగారు పళ్ళెం ముందు కూర్చుని, కొడుకు పుల్లలు తీసి, అన్నం మధ్యలో నిలువుగా గుచ్చి చేతులు జోడించి ఉంది. ఇక చాలు, అంది. హత్సుమిని అడగలేదు. పెళ్ళాం నువ్వు, నీకేమనిపిస్తోంది అని ఒక్క మాట అనలేదు. ఆ గుమ్మడికాయ ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు అలాగే నిలబడింది, గిన్నె వేడికి వేళ్ళు కాలుతున్నా. ఒకళ్ళు చనిపోవడానికి ఇంతేనా, ఎవరో ఒకరు రెండు పుల్లలు గుచ్చితే చాలా.

ఒంటిగంట ఇరవై. అవతల ఎవరో దగ్గుతున్నారు. కునియో దగ్గు కూడా ఇలాగే ఉండేది, పొడిగా, రెండుసార్లు. సహకార సంఘం వాళ్ళ ఐసు కర్మాగారంలో పని, ఎప్పుడూ చలి గదుల్లో. ఎనిమిదేళ్ళపాటు ప్రతిరోజూ పన్నెండుంపావుకి కొట్టు తెర తప్పించుకుని లోపలికి వచ్చేవాడు, భుజాల మీద చలి ఇంకా ఆవిరవుతూ. బంగాళదుంప బజ్జీ ఒకటి బయట బెంచీ మీద కూర్చుని తినేసి, సాయంత్రానికని కూరలు కట్టించుకునేవాడు, రెండు డబ్బాలు. పెళ్ళాం వండదు. అందరికీ తెలుసు. రిత్సుకో డబ్బాల ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చునే మనిషి, బయటి ఊరిది, సాయంత్రం స్టేషను దగ్గర నూడుల్స్ కొట్లో మగవాళ్ళ మధ్య కూర్చుని చప్పుడు చేస్తూ తింటుంది, ఒంటరిగా, మొగుడు ఇంట్లో ఉండగా. చేపలు శుభ్రం చేసే ఆడవాళ్ళు కత్తులు ఆపి మరీ చెప్పుకునేవాళ్ళు, ఆ ఇంట్లో పొయ్యి మీద పిల్లి పడుకుంటుందని, పాపం కునియో మొగుడా, లాడ్జిలో దిగిన మనిషా అని. హత్సుమి మాత్రం కునియో డబ్బాలో ఇంకో ముక్క ఎక్కువ పెట్టేది. మర్నాడు వచ్చి చెప్పేవాడు, తల వంచుకుని, సిగ్గుగా. చేపలో అల్లం నిన్న బాగా కుదిరింది హత్సుమి గారూ. గోబో ఇంకా సన్నగా ఉంటే బాగుంటుంది. కరేయి చేప గుడ్లతో ఉన్నది దొరికితే అట్టేపెట్టండి. ఆ మాటల కోసం తెల్లవారుజామున నాలుగింటికి లేచేది. అతని చెయ్యి ఏనాడూ తాకలేదు. తాకాలని అనుకుందా అంటే, లేదు, అదీ కాదు. చీకటి పడ్డాక కొట్టు మూసి మెట్ల మీద కూర్చుని, ఈపాటికి డబ్బా మూత తీసి ఉంటాడు, ఈపాటికి చేప వీపు దగ్గర పుల్లలతో విడదీస్తూ ఉంటాడు, ఇప్పుడు గోబో నములుతున్నాడు, అని ఊహించుకునేది. పళ్ళెం ముందు మనిషి లేకుండా మూడేళ్ళు వడ్డించినదానికి, కనపడకపోయినా ఎక్కడో ఒక మనిషి తింటున్నాడంటే అదెంత ఆసరా. ఆ ఊహలో ఎప్పుడూ ఒకే నోరు, ఒకే జత పుల్లలు. రెండో డబ్బా ఎవరిదని ఒక్కసారీ ఆలోచించలేదు.

కిందటేడు అక్టోబరు మూడో తేదీన కునియో పనిలోంచి ఇంటికి వచ్చాడు, అన్నం తిన్నాడు, నడిచి వస్తానని వెళ్ళాడు, రాలేదు. మర్నాడు రిత్సుకో కొట్టుకి వచ్చింది. అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. తెర దగ్గరే నిలబడిపోయి, "అక్కా, నాకు వండటం రాదు. ఆయనకి పళ్ళెం పెట్టాలి. ఈ ఊళ్ళో పెడతారట కదా, మనిషి ఇంటికి రాకపోతే. మీరు వండిపెడతారా?" అంది. ఆ పిల్ల ముఖం ఉబ్బి ఉంది. పిల్ల అంటే, నలభై దాటింది. రోజూ అయిదు గంటలకు హత్సుమి స్వయంగా తీసుకెళ్ళేది. వంటింటి తలుపు తాళం ఉండేది కాదు. పొయ్యి మీద పిల్లి లేదు, శుభ్రంగా తుడిచి ఉంది. కిటికీ వైపు కునియో కూర్చునే మెత్త, దాని ముందు పళ్ళెం, నీలం గీతల గిన్నె. పుల్లలు అడ్డంగా, కొన ఎడమవైపు, రిత్సుకో ఎవరినో అడిగి సరిగ్గా నేర్చుకుంది. అరగంట అలా ఉంచి, ఆ తర్వాత పళ్ళెంలోది ఇంట్లోవాళ్ళు తినాలి, పారెయ్యకూడదు. కూర్చోండక్కా, కలిసి తిందాం అనేది రోజూ. నేను తినేశానమ్మా అనేది హత్సుమి రోజూ. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే ఆ మనిషి అప్పటికే తింటూ ఉండేది, ఏడుస్తూనే, వీపు నిటారుగా పెట్టుకుని, ప్రతి ముక్కా చూసుకుని. మొగుడు ఏమయ్యాడో తెలియని ఆడది అలా ఎలా తినగలదు అనుకుంటూ ఇల్లు చేరి, హత్సుమి సింకు ముందు నిలబడి చల్లన్నం మింగేది.

పద్దెనిమిదో రోజున వాన. గొడుగు తిరగబడి, తడిసి ముద్దయి చేరింది. రిత్సుకో తువ్వాలు ఇచ్చింది, ఇంకో మెత్త వేసింది, ఈసారి అడగలేదు, రెండో గిన్నెలో అన్నం పెట్టి ముందు జరిపింది. కాళ్ళు వాటంతటవే మడతపడ్డాయి. ఎవరో పెట్టిన అన్నం. తను వండిన చేపే, కానీ ఎవరో తనకి వడ్డించిన చేప. కూర్చుని తింటే రుచి వేరుగా ఉంటుందని యాభై రెండేళ్ళకి తెలిసింది, నాలుక మీద కాదు, నడుములో తెలిసింది, భుజాల్లో తెలిసింది. రిత్సుకో ఏదో చెప్పి నవ్వించింది కూడా, ఆఫీసు మేనేజరు విగ్గు గురించి. వాన చప్పుడు. కిటికీ మీద ఆవిరి. జీవితంలో అంత మంచి గంట ఇంకోటుందా అని ఇప్పుడు ఈ కోర్టు గదిలో వెతుక్కుంటే, లేదు, పెళ్ళిలో లేదు, ఇవావో మొదటి జీతం తెచ్చిన రోజులో లేదు, ఆ వానలోనే ఉంది. అప్పుడు అంది రిత్సుకో, చేప ఎముక పెదవుల మధ్య నుంచి తీస్తూ. "ఈయనకి చేపంటే పడదక్కా, వాసనకే లేచిపోతాడు. రోజంతా ఐసులో చేపల మధ్యే కదా. బజ్జీ ఒక్కటే తినేవాడు మీ దగ్గర. డబ్బాలు రెండూ నాకే. గోబో సన్నగా తరగమని నేనే పోరేదాన్ని. మీకు చెప్పడానికి సిగ్గుపడి చచ్చేవాడు."

హత్సుమి నవ్వింది. నవ్విందనే గుర్తు. ఇంటికి వచ్చి తడి బట్టలతోనే కూర్చుంది. ఎనిమిదేళ్ళు. ఊహలో ఆ నోరు, ఆ పుల్లలు, చేప వీపు విడదీసే ఆ చెయ్యి, అదేదీ అతనిది కాదు. ఎవరి గురించి ఊరంతా కత్తులు ఆపి చెప్పుకుందో ఆ మనిషిది. మర్నాడు అయిదింటికి వెళ్ళేసరికి ఇంట్లో ఎవరూ లేరు. కబురేమైనా ఉందేమోనని రిత్సుకో సంఘం ఆఫీసుకి వెళ్ళిందట, పక్కింటామె కేక వేసి చెప్పింది. పళ్ళెం సిద్ధంగా ఉంది, అన్నం గిన్నెలో ఆవిరి ఆగిపోయింది. తను తెచ్చిన చేపని దాని పక్కన పెట్టింది, చేపంటే పడని మనిషి ముందు. అతను రాడు, అది హత్సుమికి తెలుసు, పద్నాలుగేళ్ళ కిందటే తెలుసు, ఏ మగాడూ అలా రాలేదు. కానీ ఈమె ఎదురుచూస్తుంది. ఎదురుచూసినంతకాలం మనిషి పెళ్ళానివాడే. చనిపోతే అందరివాడు, చనిపోతే బెంచీ మీద బజ్జీ పెట్టినదానికి కూడా ఏడవడానికి ఒక వాటా. అదా? లేక తనకి దక్కనిది, నా మొగుడు పోయాడని తన చేత్తో తను చెప్పుకునే ఆ హక్కు, అత్తగారు లాగేసుకున్నది, అదా? ఎన్నిసార్లు తిప్పి చూసినా ఒక్క కారణం దొరకదు. వేళ్ళు పుల్లలు తీసుకున్నాయి, అన్నంలో గుచ్చాయి, అంతే. మెత్తగా దిగాయి. మళ్ళీ తీసెయ్యాలనుకుంది, గుమ్మంలో ఏదో చప్పుడైతే చెప్పులు సరిగా తొడుక్కోకుండానే బయటపడింది. గాలికి తలుపు కొట్టుకుంది, మనిషి కాదు.

ఆరున్నరకి ఇద్దరు పోలీసులు కునియో ఫొటో కోసం ఆ ఇంటికి వెళ్ళారు. పెద్దాయన ఈ ఊరివాడే, గుమ్మంలోనే ఆగిపోయాడట. మొగుడు బతికి రావాలని పెట్టిన పళ్ళెంలో చనిపోయినవాడి అన్నం. దాని ముందు కూర్చుని పెళ్ళాం చేప తింటోంది. రెండు చేతులతో, గబగబా, ముఖమంతా కన్నీళ్ళు, నోటినిండా అన్నం. నాలుగు రోజులకి రేవులో అలలకి అడ్డంగా కట్టిన గోడ కింద శవం తేలింది, రక్తంలో నిద్రమాత్రల జాడ, మాత్రలు రిత్సుకోవి. పెళ్ళానికి ముందే తెలుసు అన్నారు, మనసులో ఉన్నదే చేతికి వచ్చింది అన్నారు. ఒక వారపత్రిక ఆమె పెళ్ళినాటి ఫొటో వేసింది, కేకు నోట్లో పెట్టుకుంటున్నది ఏరి మరీ, కింద ఆమె ఇష్టంగా తినేవాటి పట్టీ. తిండి యావ ఉన్న ఆడదానికి దేనికైనా యావే, అని బస్సులో ఒక ముసలాయన పక్కవాడికి చెప్పడం హత్సుమి విన్నది. పుల్లలు నేను పెట్టలేదు అని రిత్సుకో ఏడాదిగా చెబుతూనే ఉంది. పోలీసులు హత్సుమిని ఒకే ఒక్కసారి అడిగారు, మర్యాదగా, టీ ఇచ్చి. మీరు చేప పెట్టినప్పుడు పుల్లలు ఎలా ఉన్నాయమ్మా. పడుకుని ఉన్నాయి, అంది. అది నిజమే కదా, పెట్టినప్పుడు అలాగే ఉన్నాయి. మీరు బయటికి వచ్చేదాకా? ఆ, అంది. కాగితం మీద ముద్ర వేసింది. రిత్సుకో చంపిందో లేదో హత్సుమికి తెలియదు. చంపి ఉండొచ్చు. ఏ ఇంట్లో ఏముందో ఎవరు చూశారు, ఎనిమిదేళ్ళు చూసినట్టే అనుకున్న తను ఏం చూసింది. కానీ పుల్లలు వేరు. ఆ పుల్లలు మాత్రం తనవి. చెబితే కొట్టు ఉండదు, ఆ తెర తప్పించుకుని ఒక్కరూ లోపలికి రారు, ఇంకొకరి మొగుడి మీద కన్నేసిందిట అంటారు, అదీ పూర్తి అబద్ధం కాదు. ముద్ర వేసి ఏడాది దాచినందుకు శిక్ష పడినా పడుతుంది.

ఒంటిగంట నలభై.  చేతులకి ఏదో ఒక పని కావాలని పుల్లలు పట్టుకుంది. పట్టుకున్నవి ఊరుకోలేదు, గోబో తీశాయి. లావుగా ఉన్నా ఉడికింది. చేప. అన్నం. నువ్వులు పంటి కింద చిట్లాయి. ఆకలి లేదనుకున్నది, ఎక్కడినుంచి వచ్చిందో, కడుపులోంచి కాదు, భయంలోంచి వచ్చింది, పొంగుకొచ్చింది, ఒక ముద్ద దిగకముందే ఇంకోటి కావాలి, గుండె దడకి నమలడం ఒక్కటే అడ్డు. కూర్చుని తింటోంది. గుడ్డట్టు, ఊరవేసిన ముల్లంగి, మూలనున్న చిక్కుడు గింజ దాకా. అందుకా. ఆ రోజు ఆ పళ్ళెం ముందు ఆ మనిషి అందుకా తిన్నది. మొగుడు చచ్చిపోయాడని ఎవరో తన ఇంట్లోకి వచ్చి రాసి వెళ్ళినట్టుంటే, ఎవరు వచ్చారో తెలియక, భయంతో, ఎదురుగా ఉన్న ఒకే ఒక్క తెలిసిన రుచిని పట్టుకుని. ఆ రుచి హత్సుమిది. తలుపు తెరుచుకుంది. హొరియె ముందు ఆమె వంక చూశాడు, తర్వాత ఖాళీ డబ్బా వంక. ఒక మెతుకు కూడా మిగల్లేదు. అతని ముఖంలో గొడుగు పట్టినప్పటి మెత్తదనం కొంచెం వెనక్కి జరిగింది, అంతే, ఇంకేమీ కాలేదు. "బాగా ఆకలేసినట్టుందే" అని నవ్వాడు. "ఇలాంటి రోజున మామూలుగా ఎవరికీ ముద్ద దిగదు." జేబురుమాలు ఇచ్చి, పెదవి పక్కన తుడుచుకోండి, లోపల ఆరుగురూ చూస్తారు అన్నాడు. హత్సుమి రుమాలు తీసుకోలేదు. మెతుకుని వేలితో తీసి నోట్లో వేసుకుంది.

నడవా పొడుగ్గా ఉంది, బూట్ల చప్పుడు ఎవరిదో వెనకాలే వస్తున్నట్టుంది. లోపల వేడి. ముగ్గురు నల్ల గౌన్లు, అటు ముగ్గురు ఇటు ముగ్గురు మామూలు మనుషులు, ఒకామె కళ్ళజోడు తుడుచుకుంటోంది. రిత్సుకో ఎడమవైపు ఇద్దరు కాపలావాళ్ళ మధ్య, జుట్టు వెనక్కి కట్టుకుని, ముఖం సగమైపోయింది. జైల్లో ఏం పెడతారో, గోబో ఎలా తరుగుతారో. తల ఎత్తలేదు. ప్రమాణం కాగితం చదివింది హత్సుమి, మనస్సాక్షిగా నిజమే చెబుతానని, ఏదీ దాచనని. కూర్చోమన్నారు. ప్రాసిక్యూటరు గొంతు హొరియె గొంతంత మెత్తగా ఉంది. పేరు, ఊరు, కొట్టు. ఆ రోజు ఎన్ని గంటలకు, ఏ చేప. అవునండీ. కరేయి అండీ. పడుకుని ఉన్నాయండీ, నేను వెళ్ళేసరికి. మరి మీరు బయటికి వచ్చేటప్పుడు?

"నిలబడి ఉన్నాయండీ."

ప్రాసిక్యూటరు కాగితం వంక చూసుకున్నాడు. కంగారు పడుతున్నారు, నిదానంగా ఆలోచించి చెప్పండి అన్నాడు. "కంగారు లేదండీ. నిలబెట్టింది నేను. నా చేత్తో" అంది హత్సుమి.  మధ్యలో కూర్చున్న జడ్జి ముందుకి వంగి, మీ మీదికి కేసు వచ్చే మాటలకి జవాబు చెప్పకుండా ఉండే హక్కు మీకుందని చెప్పాడు. ఆమె వంగి దండం పెట్టి, చెబుతానంది. ఎందుకు చేశారన్నాడు. అత్తగారు, గుమ్మడికాయ, మెట్ల మీది సాయంత్రాలు, అన్నీ ఒక్కసారి ముందుకు తోసుకొచ్చాయి. "ఎనిమిదేళ్ళు నా వంట ఆయన తింటున్నాడనుకున్నానండీ. తిన్నది ఈవిడ. ముందు రోజు తెలిసింది. ఈవిడ నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది." దానికీ దీనికీ సంబంధమేమిటని జడ్జి అడిగాడు, వెటకారంగా కాదు, నిజంగానే అర్థంకాక. కళ్ళజోడామె తుడవడం ఆపేసింది. అప్పుడు రిత్సుకో తల ఎత్తింది. ఆ చూపులో దయ లేదు. ఏడాది గదిలో మూసి ఉంచిన కోపం, అది ఎవరిమీద పెట్టుకోవాలో ఇప్పుడే తెలిసిన కళ్ళు. పెదవులు కదలబోయి ఆగాయి. ఆ నోటినుంచి ఒక్క మాట, తిట్టయినా సరే, తనకోసం వస్తుందేమోనని హత్సుమి ఎదురుచూస్తూ ఉండగానే, రాసుకునే గుమాస్తాకి సరిగ్గా వినపడలేదట, మొదటి నుంచి మళ్ళీ చెప్పమన్నారు. జడ్జి వైపు తిరగకుండా, రిత్సుకో కళ్ళలోకే చూస్తూ, మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా.